అనంతయ్య పేరు మీద

సోమవారం పదకొండున్నరకు గుండ్లవెల్లి మండలాఫీసుకు కరెంటు వచ్చింది. పొద్దుటి నుంచి వరండాలో ఎదురు చూస్తున్న రైతులంతా ఒక్కసారి లేచి కిటికీ మీద పడ్డారు. లోపల కాంట్రాక్టు ఆపరేటర్ ముబషిరా అప్పటికే ప్రింటర్లో కాగితం ఎక్కిస్తోంది. ఆ ప్రింటరు మహా మొండిది. కాగితం అంచు చిల్లులను దాని పళ్లకు సరిగ్గా తగిలించి, ఎడమచేత్తో కొస పట్టుకుంటే తప్ప భూమి వివరాల పహాణీ తిన్నగా దిగదు. నాలుగేళ్లుగా ఆమె ఎడమచెయ్యి ఆ పని మీదే ఉంది, కుడిచెయ్యి కీబోర్డు మీద.

"జములమ్మా, సర్వే నంబరు మూడు వందల పద్నాలుగు నీదేనా?"

"నాదే బిడ్డా. రెండెకరాల ఐదు గుంటలు. మొన్న దాంట్ల మా మరిది పేరు వచ్చె."

"ఇప్పుడు నీ పేరే వచ్చింది, చూస్కో."

జములమ్మకు చదువు రాదు. అయినా కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకొని, తన పేరు ఉన్నచోట ముబషిరా వేలు పెట్టి చూపించేదాకా కదల్లేదు.

అంతలో అటెండరు ఎల్లయ్య తపాలా కవరు తెచ్చి అనంతయ్య టేబుల్ మీద పెట్టాడు. అనంతయ్య సీనియర్ అసిస్టెంటు, ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైరవుతాడు. ఏ కాగితమైనా పైనుంచి కింది దాకా ఒక్క అక్షరం వదలకుండా చదవడం ఆయనకు అలవాటు. ఈ కాగితాన్ని మాత్రం సగంలో ఆపి, మడిచి, సొరుగులో పెట్టేశాడు. పెట్టి లాభం లేకపోయింది. తహసీల్దారుకు జిల్లా నుంచి ఫోను ముందే వచ్చింది. ఆయన తన గది గుమ్మంలోకి వచ్చి, "అనంతయ్యా, డివిజన్ల ఫస్టు నువ్వే అంట గద! నలభై ఒక్క వేల ఎంట్రీలు! మన మండలం ఇజ్జత్ నిలబెట్టినవ్" అన్నాడు.

అందరూ అనంతయ్య వైపు చూశారు. అనంతయ్య సొరుగు వైపు చూశాడు.

భూముల రికార్డులను కంప్యూటర్లకు ఎక్కించే భూపత్రం పథకం వాళ్ల సర్క్యులర్ అది. మార్చి ముప్పై ఒకటితో కాంట్రాక్టు ఆపరేటర్లందరి గడువూ తీరిపోతుంది. వాళ్లలోంచి డివిజనుకు ఇద్దరిని ఎంచుకొని హైదరాబాదులో మూడు నెలల కోర్సు చేయిస్తారు. కోర్సు పూర్తి చేసినవాళ్లకు సిస్టమ్ అసిస్టెంటుగా పర్మినెంటు పోస్టు. మిగతావాళ్లు ఇంటికి. వయసు ముప్పై నాలుగు దాటకూడదు. సొంత లాగిన్ మీద పది వేల ఎంట్రీలకు తక్కువ ఉండకూడదు. దరఖాస్తులు గురువారం సాయంత్రం ఐదు గంటల్లోపల నాగర్‌కర్నూల్లో, శిక్షణ క్యాంపులోనే ఇవ్వాలి.

ముబషిరాకు జూన్‌లో ముప్పై నాలుగు నిండుతాయి. ఇలాంటి అవకాశం ఇంకోసారి వచ్చినా అప్పటికి ఆమె పనికిరాదు. తహసీల్దారు సొరుగులోంచి తీయించిన ఆ కాగితం చేతికి రాగానే, వెనక జతచేసిన లిస్టులో ఆమె తన పేరు వెతుక్కుంది. కింది నుంచి మూడోది. పేరు పక్కన రెండు వందల పన్నెండు.

అంకె తప్పేమీ కాదు. కంప్యూటరుకు మనుషుల మొహాలు తెలియవు. పొద్దున ఎవరి పేరు కొట్టి తెరిస్తే ఆ రోజంతా జరిగిన పనిని వాళ్ల పేరు మీదే రాసుకుంటుంది. గుండ్లవెల్లిలో మొదటి నెల తప్ప, నాలుగేళ్లుగా పొద్దున్నే ముబషిరా కొడుతున్న పేరు అనంతయ్యది.

వరండాలో ఇంకా పదిహేను మంది నిలబడి ఉన్నారు. ఆమె లిస్టును కీబోర్డు కింద పెట్టి, తర్వాతి మనిషి పేరు అడిగింది. చెప్పింది చెవికెక్కలేదు. రెండోసారి అడగాల్సి వచ్చింది.

మంగళవారం పొద్దున ముబషిరా తన ఊరు గద్వాలలో బస్సెక్కి, గుండ్లవెల్లిలో దిగకుండా నేరుగా వనపర్తికి పోయింది. ఆమెను పనిలో పెట్టిన ఏజెన్సీ ఆఫీసు అక్కడ బస్టాండు పక్క మేడ మీద ఉంది. దాన్ని నడిపే శ్రవణ్ కుమార్ మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు, చాయ్ తెప్పించాడు, చెప్పిందంతా విన్నాడు.

"నువ్వు పనికి పోయినవని నేను రాసిస్త మేడం. ఎన్ని రోజులు పోయినవో రాసిస్త. గాని ఏం పని చేసినవో నాకెట్ల తెలుస్తది? అది ఆఫీసోళ్లే చెప్పాలె."

"ఆఫీసోళ్లు నన్ను ఏజెన్సీ మనిషి అంటున్నరు సార్."

"మరి నువ్వు ఏజెన్సీ మనిషివే గద!"

ఆయన హాజరు సర్టిఫికెట్ టైపు చేయించి, సంతకం పెట్టి, సీలు కూడా వేసి ఇచ్చాడు. ఒక వెయ్యి నూట ఎనిమిది రోజులు. దాన్ని నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో వేసుకొని ఆమె మధ్యాహ్నానికి గుండ్లవెల్లి చేరింది.

తహసీల్దారు ఊళ్ల పర్యటనకు పోయాడు. కరెంటు లేదు. లోపల అనంతయ్య ఒక్కడే ఒక ఫైలు తాడు విప్పి, లోపల ఏమీ చూడకుండానే మళ్లీ ముడి వేస్తున్నాడు. ఆమె ఎదురుగా నిలబడింది. ఆయన కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఒక్క కాయిదం రాసియ్యుండ్రి. మీ లాగిన్ మీద పని చేసింది నేనని. అంతే."

"ఆ కాయిదం రాస్తె ఏమైతదో ఎరుకేనా బిడ్డా? పాస్‌వర్డ్ ఇంకొకలకు ఇచ్చుడు నేరం. సస్పెండ్ జేస్తరు. ముప్పై మూడేండ్ల సర్వీసు, పింఛను, అంత ఆగుతది. పద్నాలుగు నెలలున్నది నాకు."

"నేను మీది ఏం అడుగుతలేను సార్. నేను చేసిందే అడుగుతున్న."

"ఆ పాస్‌వర్డ్ నేను ఇస్త అన్ననా? నువ్వే అడిగినవ్ గద!"

అది నిజం. కాంట్రాక్టు మనిషి చేసిన ప్రతి ఎంట్రీనీ పర్మినెంటు ఉద్యోగి మళ్లీ తెరిచి, చూసి, ఆమోదించాలన్నది రూలు. అనంతయ్యకు ఒక్కో ఎంట్రీ తెరవడానికి పది నిమిషాలు పట్టేది. పని గుట్టలు పడింది. రైతులు తిట్టిపోస్తుంటే చూడలేక ముబషిరా, "సార్, మీ పేరు మీదనే నేరుగ ఎక్కిస్త, ఒకటే దెబ్బల అయిపోతది" అని తనే అన్నది. అన్న మర్నాటి నుంచి పని మూడింతలైంది. ఆ వేగం చూసుకొని మురిసిపోయింది కూడా. చేజేతులా చేసుకున్న పనికి ఇప్పుడు ఎవరి గల్లా పట్టుకోవాలి?

అయినా ఊరుకోలేకపోయింది. "సరే, నేనే అడిగిన. మూడు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చింది గూడ నేనే. ఇయ్యాల మీ పాస్‌వర్డ్ ఏందో మీకు ఎరుకేనా సార్?"

అనంతయ్య ఫైలు తాడుకు ఇంకో ముడి వేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ ఎల్లయ్య, దాహం వేసినవాడిలా కుండ దగ్గరికి నడిచాడు.

అనంతయ్యే గొంతు తగ్గించి అడిగాడు. "గురువారం నాగర్‌కర్నూల్ల అందరి ముంగల ఒక ఎంట్రీ చేసి చూపియ్యాల్నంట. శాలువా కప్పుతరంట. నాకు చేతగాదని తెలిస్తె ఆడనే పోతది నా బతుకు. జర నేర్పియ్యి బిడ్డా."

"నేర్పిస్త. మీరు రాసిస్తరా?"

"చూద్దాం."

చూద్దాం అనే మాటకు మన ఆఫీసుల్లో ఉన్నంత ఆయుష్షు ఇంకెక్కడా లేదు. ఆ సంగతి ముబషిరాకు బాగా తెలుసు. కానీ ఆ రెండు రోజుల్లో ఆమెకు దొరికింది ఆ ఒక్క మాటే.

బుధవారం పొద్దున ఎనిమిది గంటలకే ఇద్దరూ ఆఫీసుకు వచ్చారు. ముబషిరా తన కుర్చీలో ఆయన్ను కూర్చోబెట్టి, ఎల్లయ్య స్టూలు తెచ్చుకొని పక్కన కూర్చుంది. మొదటి గంట మౌసుతోనే సరిపోయింది. దాన్ని జరుపుకుంటూ టేబుల్ అంచు దాకా పోయి, అక్కడి నుంచి ఎటు పోవాలో తెలియక అనంతయ్య ఆగిపోయేవాడు.

"ఎత్తి మల్ల నడుమకు పెట్టుకోండ్రి సార్."

"ఎత్తితె ఆ బాణం గుర్తు యాడికన్న పోతదేమో?"

"యాడికి పోదు. ఉన్నకాన్నే ఉంటది."

ఆయన రెండు చేతులతో మౌసును ఎత్తి మధ్యలో పెట్టాడు. తెర మీద బాణం ఉన్నచోటే ఉంది. "అరె!" అన్నాడు చిన్నపిల్లాడిలా.

పేరు కొట్టాల్సి వచ్చినప్పుడు మాత్రం ముబషిరా విస్తుపోయింది. ఆయన తెలుగు టైపులో హయ్యర్ పరీక్ష పాసైన మనిషి. తెలుగు మీటలు కంప్యూటర్లో కూడా టైపుమిషను వరసలోనే ఉన్నాయి. ఆ మీటలను నేర్చుకోవడానికి ఆమెకు స్టిక్కర్లు అంటించుకొని మూడు నెలలు పట్టింది. అనంతయ్య వేళ్లు చూడకుండానే పరిగెత్తాయి. టైపుమిషను అలవాటు కొద్దీ ఒక్కో మీటను గట్టిగా కొడుతుంటే టేబుల్ అదిరింది గానీ, తప్పు ఒక్కటి లేదు. నాలుగేళ్ల కింద ఒక్క వారం ఇలా కూర్చొని ఉంటే ఈయనకు వచ్చేసేది. ఆమె ఎంట్రీలను ఆయన ఆమోదించేవాడు. అన్నీ ఆమె పేరు మీదే ఉండేవి. ఆ ఒక్క వారం ఈయన్ను తానైనా ఎందుకు కూర్చోబెట్టలేదు? కోపం ఎవరి మీద రావాలో తెలియక ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తల తిప్పుకొని ప్రింటరు మూత సర్దింది.

"ఇప్పుడు విస్తీర్ణం కొట్టుండ్రి. రెండెకరాల ఐదు గుంటలు."

ఆయన రెండు, చుక్క, ఐదు కొట్టాడు. కంప్యూటరు కీచుమంది.

"చుక్క పక్కన సున్న పెట్టి ఐదు కొట్టాలె సార్. సున్న లేకపోతె యాభై గుంటలనుకుంటది. ఎకరానికే నలభై గుంటలాయె, యాభై యాడుంటయ్? గందుకే మొత్తుకుంటది."

అనంతయ్య నోటుబుక్కు తీసి అది రాసుకున్నాడు. ప్రతి మెట్టుకూ నంబరు వేసి, కింద గీత కొట్టి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నాడు. మధ్యాహ్నం వరకు పదకొండు ఉత్తుత్తి ఎంట్రీలు చేసి, చెరిపాడు. పన్నెండోది నోటుబుక్కు చూడకుండా చేశాడు. చేసి ఆమె వైపు చూసి నవ్వాడు. కాగితం సంగతి ఆయన ఎత్తలేదు, ఆమే మళ్లీ అడిగింది.

"రాసిస్తరా సార్?"

నవ్వు పోయింది. "రేపటి గండం గడవనీ బిడ్డా."

ఆ సాయంత్రం గద్వాలలో, ఇంటి ముందు గదిలో, ఆమె తల్లి కుబ్రా బేగం చీరకు ఫాల్ కుడుతూ అంతా విన్నది.

"పూరా నేర్పినవా?"

"పూరా నేర్పిన అమ్మీ."

"సగం నేర్పి ఊకోవాల్సింది. రేపు ఆడ ఆగిపోతుండె. అప్పుడు తెలుస్తుండె అందరికి ఎవలు చేసిండ్రో."

ముబషిరా ఆ చీర అంచు ఇటువైపు పట్టుకొని సరిచేసింది. "సగం నేర్పుడు నాకు రాదమ్మీ."

కుబ్రా బేగం దారం పంటితో తెంపి, సూదిలో మళ్లీ ఎక్కించబోయింది. ఆ మసక వెలుతురులో మూడుసార్లు తప్పింది. ముబషిరా సూది అందుకొని దారం ఎక్కించి ఇచ్చింది. వచ్చే నెల నుంచి ఈ ఇంట్లో రెండు సూదులు నడవాలి కాబోలు అనుకుంది. ఆ మాట తల్లితో అనలేదు.

నాగర్‌కర్నూల్లో శిక్షణ క్యాంపును ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ల గదిలో పెట్టారు. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణాల చుట్టూ ఉన్న మండలాల నుంచి అరవై మంది దాకా వచ్చారు. పర్మినెంటువాళ్లు ముందు వరసల్లో, కాంట్రాక్టువాళ్లు వెనక. పథకం స్పెషల్ ఆఫీసరు రాఘవేందర్ చురుకైన మనిషి, ఏ మాటకామాట తేల్చేసే రకం. సభ మొదలైన పది నిమిషాలకే అనంతయ్యకు శాలువా కప్పేశాడు.

"ఉత్తుత్తిది వద్దు సార్. మీ మండలం డేటా సీడీల ఉంది. పెండింగులది ఒకటి నిజంగనే ఎక్కియ్యండి. అందరు చూస్తరు."

అనంతయ్య శాలువాతోనే కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆయన చేసేదంతా గోడ మీది తెర మీద పెద్దగా పడుతోంది. వెనక వరసలో ముబషిరా పెదాలు కదులుతున్నాయి. పేరు. పాస్‌వర్డ్. గ్రామం. సర్వే నంబరు. మౌసు టేబుల్ అంచుకు పోయింది. ఆయన దాన్ని ఎత్తి మధ్యలో పెట్టుకున్నాడు. విస్తీర్ణం మూడెకరాల ఏడు గుంటలు. మూడు కొట్టాడు, చుక్క కొట్టాడు, ఒక్క క్షణం వేలు గాలిలో ఆపాడు. సున్నా కొట్టి, ఏడు కొట్టాడు.

"చూసిండ్రా? సగం మంది ఈ సున్న దగ్గరనే బోర్లపడ్తరు" అన్నాడు రాఘవేందర్. గదంతా చప్పట్లు మోగాయి.

ముబషిరా కూడా చప్పట్లు కొట్టింది. కొడుతూ కొడుతూ ఆగిపోయింది. ఆయన ఎక్కడా తప్పు చేయొద్దని ఇంతసేపూ దువా చేసింది తనే. ఆ చప్పట్లతో నలభై ఒక్క వేలూ ఆయనవేనని అరవై మంది ముందు రుజువైపోయింది. రుజువు చేసి పెట్టింది కూడా తనే.

అంతటితో అయిపోయినా బాగుండేది. రాఘవేందర్ లిస్టు అడుగు భాగం తీశాడు. "ఇప్పుడు కింది నుంచి చూద్దాం. కింది నుంచి మూడోది గూడ గుండ్లవెల్లే. ముబషిరా ఎవరు?"

ఆమె లేచి నిలబడింది.

"నాలుగేండ్లల్ల రెండు వందల పన్నెండు. నెలకు ఐదు గూడ లేవు మేడం. మీ సార్ ఈ వయసుల గంత పని చేస్తుంటె, మీరు పక్కన కూర్చొని చాయ్ తాగినరా?"

వెనక వరసల్లో ఎవరో నవ్వారు.

"చేసిన సార్" అంది.

"యాడ చేసినవ్? లిస్టుల లేదు గద."

ఆమె అనంతయ్య వైపు చూసింది. ఆయన శాలువా అంచు కుచ్చును వేలికి చుట్టుకుంటున్నాడు. ఒక్కసారి తలెత్తితే చాలనుకుంది. ఎత్తలేదు. "కూర్చో" అన్నాడు రాఘవేందర్. కూర్చుంది. తర్వాత ఏం చెప్పారో, ఎవరిని నిలబెట్టారో ఆమెకు వినపడలేదు.

భోజనాల తర్వాత దరఖాస్తు నింపి వరండాలోకి తీసుకుపోయింది. అక్కడ ఇన్‌వర్డ్ రిజిస్టరు ముందేసుకొని సుగుణమ్మ అనే క్లర్కు కూర్చుంది. వచ్చిన ప్రతి కాగితానికీ నంబరు వేసి, తేదీ సీలు కొట్టడం ఆమె పని. దరఖాస్తు తిరగేసి, హాజరు సర్టిఫికెట్ చూసి, సుగుణమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఎంట్రీల రుజువు లేదు గదమ్మా. ఇది పెట్టినా పక్కకేస్తరు. ఐదింటి దాంక ఉంట, ఏమన్న దొరికితె పట్టుకరా."

ఎక్కడ దొరుకుతుంది? గదిలోకి తొంగి చూసింది. అనంతయ్య కుర్చీ ఖాళీగా ఉంది. శాలువా మడిచి కుర్చీ వీపు మీద వేసి ఉంది. మధ్యాహ్నం బస్సుకే పోయి ఉంటాడు. ఆమె గేటు దాకా నడిచి, బస్టాండు వైపు తిరిగి, మళ్లీ వెనక్కి వచ్చింది. ఇంటికి పోయి అమ్మీకి ఏం చెప్పాలో తెలియలేదు. మొహం కడుక్కుందామని కాలేజీ వెనక నల్లా దగ్గరికి పోయింది.

అక్కడ మెట్ల కింద బల్ల మీద అనంతయ్య కూర్చొని రాస్తున్నాడు. పక్కన కొత్తగా కొన్న తెల్లకాగితాల కట్ట ఉంది. కాళ్ల దగ్గర నలిపి పారేసిన కాగితాలు నాలుగున్నాయి. భోజనం పొట్లం విప్పనే లేదు. కాగితం పైన స్పెషల్ ఆఫీసరు గారి సముఖమునకు అని ఉంది. దాని కింది వరసలో ఆమె తన పేరు చూసింది.

చేతి గడియారం చూసుకుంది. నాలుగుంపావు. "సార్, ఇయ్యుండ్రి, నేను టైపు చేస్త. ఐదు నిమిషాల్ల అయిపోతది."

అనంతయ్య తల ఎత్తకుండానే కాగితం మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా. గిది గూడ నువ్వు చేసి నా పేరు పెట్టుకుందునా?"

ఆమె నల్లా దగ్గర నిలబడి ఆయన రాయడం చూసింది. ఆయనకు తొందరేమీ లేదు. అక్షరం అక్షరం అచ్చు గుద్దినట్టు రాసి, చివర సంతకం పెట్టి, సంతకం కింద హోదా రాసి, తడి ఆరేదాకా ఊది, అప్పుడు లేచాడు. ఆమె చెయ్యి ఆసరా ఇవ్వబోతే వద్దన్నాడు.

సుగుణమ్మ కాగితం అందుకొని, ఏ విషయం కింద రాసుకోవాలో చూడటానికి చదివింది. చదివి, కలం కింద పెట్టింది.

"సార్, పొద్దున శాలువా కప్పించుకున్నది మీరే గద? ఇది పెద్దసార్‌కు ముందు నోటితోని చెప్పుండ్రి. నంబరు వడ్డదంటె ఇగ ఎన్కకు తీస్కునుడు ఉండదు. ఎవలో ఒకలు జవాబు రాయాల్సిందే. మీ మీదికే వస్తది."

"నోటితోని చెప్తె గాలికి పోతది తల్లీ. ముప్పై మూడేండ్లు ఆ నంబర్లే ఏసిన, నాకు తెల్వదా? ఎయ్యి."

సుగుణమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. రిజిస్టరులో నంబరు రాసి, సీలును ఇంకు మీద ఒత్తి, కాగితం మూల కొట్టింది. గోడ గడియారంలో నాలుగు యాభై అయింది. కాగితం ముబషిరా వైపు తిరిగి ఉంది. ఆమె చివరి వాక్యాలు చదివింది.

"నా పేరు మీద నేటికి నమోదైన 41,387 ఎంట్రీలలో 41,386 ముబషిరా చేసినవి. మిగిలిన ఒక్కటి ఈ రోజు ఉదయం తమరి సమక్షంలో నేను చేసినది. అది కూడా నిన్న ఆమె నేర్పగా చేసినది."

ముబషిరా చున్నీ కొస నోటికి అడ్డం పెట్టుకుంది. అనంతయ్య వరండా స్తంభానికి ఆనుకొని రోడ్డు వైపు చూస్తున్నాడు. సుగుణమ్మ ఆ కాగితం వెనక ముబషిరా దరఖాస్తును పెట్టి, రెండింటికీ కలిపి గుండుసూది గుచ్చింది.